ఫ్యాన్ కండెన్సర్ నుంచి ఈ-కారు దాకా.. ప్లాస్టిక్‌లో సిరామిక్ పొడి, దాని చుట్టూ ఒక్క అణువు మందం పూత! కరెంట్ దాచే ఈ ఫార్ములా ఏంటంటే?

ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ గురించి అందరూ మాట్లాడతారు. దాని పక్కనే నిశ్శబ్దంగా పనిచేసే కెపాసిటర్ గురించి మాట్లాడేది తక్కువ. ఈ కెపాసిటర్‌ను చిన్నగా, బలంగా, వేడికి తట్టుకునేలా చేయడానికి శాస్త్రవేత్తలు ప్లాస్టిక్‌లో సిరామిక్ నానో పొడిని కలుపుతున్నారు. అయితే పొడి కలిపినంత మాత్రాన పని జరగదు. ప్రతి రేణువు చుట్టూ వేసే, కంటికి కనిపించని పూతే ఇక్కడ అసలు హీరో. ఆ కథేంటో చూద్దాం.

కండెన్సర్ అంటే ఇదే!

ఇంట్లో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ వచ్చి ముందు చెప్పే మాట.. "కండెన్సర్ పోయిందండీ". ఆ కండెన్సర్‌కే మరో పేరు కెపాసిటర్. సీలింగ్ ఫ్యాన్‌లో ఎక్కువగా కనిపించేది 2.5 మైక్రోఫారడ్ రకం. పొలంలో బోరు మోటారుకు బిగించేది కూడా ఈ కుటుంబానిదే. ఉచిత విద్యుత్ తీసుకునే రైతులు మోటార్లకు కెపాసిటర్లు పెట్టుకోవాలని డిస్కంలు చెబుతూ వస్తున్నది దీని గురించే.

దీని నిర్మాణం చాలా సింపుల్. రెండు లోహపు పొరలు, మధ్యలో కరెంట్‌ను పారనివ్వని ఒక పొర. ఒకవైపు ధనావేశం, రెండోవైపు రుణావేశం పోగవుతాయి. మధ్యలోని పొర రెండింటినీ కలవకుండా ఆపుతుంది. ఆ ఒత్తిడి రూపంలోనే శక్తి నిల్వ ఉంటుంది. మధ్యలోని ఈ పొరనే డైఎలక్ట్రిక్ అంటారు. ఫ్యాన్ కండెన్సర్‌ను విప్పితే కనిపించే పల్చని ప్లాస్టిక్ చుట్ట అదే. దాని పేరు పాలీప్రొపిలిన్. దానిపై అతి సన్నని లోహపు పూత ఉంటుంది.

బ్యాటరీ ఉండగా ఇదెందుకు?

బ్యాటరీ చెరువు లాంటిది. నీళ్లు బోలెడు ఉంటాయి, కానీ తూము గుండా మెల్లగా వస్తాయి. కెపాసిటర్ బిందె లాంటిది. నీళ్లు తక్కువే, కానీ ఒక్కసారి వంచితే మొత్తం వచ్చేస్తుంది. బ్యాటరీలో రసాయన చర్య జరగాలి కాబట్టి టైమ్ పడుతుంది. కెపాసిటర్‌లో రసాయన చర్యే లేదు. అందుకే సెకనులో లక్షల వంతు సమయంలో కూడా శక్తిని వదలగలదు. లక్షల సార్లు చార్జ్ చేసినా తట్టుకుంటుంది.

ఆసుపత్రిలో ఆగిపోతున్న గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌నే తీసుకోండి. ఒక్క షాక్‌కు 200 జౌళ్ల దాకా శక్తి కావాలి. అదీ కొన్ని మిల్లీసెకన్లలో. ఆ పని చేసేది కెపాసిటరే. ఎలక్ట్రిక్ కారులోనూ అంతే. బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కరెంట్‌ను మోటారుకు కావాల్సిన ఏసీగా మార్చేది ఇన్వర్టర్. అక్కడ కరెంట్ ఎగుడుదిగుళ్లను సర్దేది పెద్ద ఫిల్మ్ కెపాసిటర్.

మరి సమస్యేంటి? సైజు. 100 గ్రాముల వస్తువును మీటరు ఎత్తుకు లేపడానికి పట్టే శక్తి దాదాపు ఒక జౌల్. మంచి లిథియం అయాన్ బ్యాటరీ ఒక ఘన సెంటీమీటరులో దాదాపు 2,000 జౌళ్లు దాస్తుంది. పాలీప్రొపిలిన్ ఫిల్మ్ ఎంత ఒత్తిడి పెట్టినా 5 జౌళ్లలోపే. పైగా ఇది ఫిల్మ్ ఒక్కదాని లెక్క. పెట్టె, తీగలు, భద్రత కోసం వదిలే మార్జిన్ కలిపితే చేతికొచ్చేది ఇంకా తక్కువ.

మైకా కొరత నుంచి పుట్టిన పదార్థం

డైఎలక్ట్రిక్ చరిత్రలో మన తెలుగు నేలకూ చోటుంది. ఒకప్పుడు రేడియోలలో మంచి కెపాసిటర్ కావాలంటే మైకానే దిక్కు. అదే అభ్రకం.. ఊళ్లలో కాకిబంగారం అంటారే, అది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు ప్రాంతం మైకా గనులకు పేరుపొందింది. అక్కడి సరుకు విదేశాలకు వెళ్లేది.

రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలు, రాడార్ల అవసరం పెరిగింది. మైకాకు కొరత వచ్చింది. దానికి బదులు ఏం వాడొచ్చని వెతుకుతూ 1940లలో అమెరికా, సోవియట్ యూనియన్, జపాన్ పరిశోధకులు విడివిడిగా ఒకే పదార్థం దగ్గరకు చేరారు. అదే బేరియం టైటనేట్ అనే సిరామిక్. ఇప్పుడు మీరు ఈ వార్త చదువుతున్న ఫోన్‌లో వందల కొద్దీ బుల్లి కెపాసిటర్లు ఉంటాయి. వాటిలో చాలావాటికి ఆధారం ఈ బేరియం టైటనేటే.

రెండు మార్కులు.. రెండూ ఒకరికే రావు!

డైఎలక్ట్రిక్‌కు రెండు పరీక్షలుంటాయి. మొదటిది, ఒకే వోల్టేజ్ దగ్గర ఎంత శక్తి పట్టగలదు? దీన్ని డైఎలక్ట్రిక్ స్థిరాంకం చెబుతుంది. రెండోది, ఎంత వోల్టేజ్ దాకా చిల్లు పడకుండా నిలబడగలదు? దీన్ని బ్రేక్‌డౌన్ బలం అంటారు. మైక్రాన్ మందానికి ఇన్ని వోల్టులు అని కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

పాలీప్రొపిలిన్ స్థిరాంకం కేవలం 2.2. కానీ మంచి ఫిల్మ్ మైక్రాన్‌కు 600 నుంచి 700 వోల్టుల దాకా తట్టుకుంటుంది. బేరియం టైటనేట్ సీన్ రివర్స్. స్థిరాంకం వెయ్యికి పైనే, రకాన్ని బట్టి కొన్ని వేలు కూడా ఉంటుంది. కానీ అంత వోల్టేజ్ తట్టుకోలేదు. పింగాణీలాగే పెళుసు. వంచితే పగులుతుంది. తయారీకి 1,000 డిగ్రీలకు పైగా కాల్చాలి.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. స్థిరాంకం రెట్టింపైతే నిల్వ శక్తి రెట్టింపవుతుంది. తట్టుకునే వోల్టేజ్ రెట్టింపైతే మాత్రం శక్తి నాలుగు రెట్లవుతుంది. అంటే రెండో మార్కు విలువ ఎక్కువ. ఈ ఒక్క లెక్క మిగతా కథ మొత్తాన్ని నడిపిస్తుంది.

కలిపేస్తే పోలా? అక్కడే ఉంది ట్విస్ట్

సిరామిక్ స్థిరాంకం, ప్లాస్టిక్ బలం.. రెండూ ఒకే ఫిల్మ్‌లో ఉంటే? ఈ ఐడియాతోనే నానో కాంపోజిట్లు వచ్చాయి. బేరియం టైటనేట్‌ను నానోమీటర్ల సైజు పొడిగా చేసి ప్లాస్టిక్‌లో కలుపుతారు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.

కానీ బజ్జీల కోసం శనగపిండిలో ఒక్కసారిగా నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఉండలు కడుతుంది. లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఇక్కడా అదే జరుగుతుంది. సిరామిక్ రేణువు ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది. దానిపై హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి, గాలిలోని తేమ వాటిని పట్టుకుంటుంది. చాలా ప్లాస్టిక్‌లు నీటిని దగ్గరకు రానివ్వవు. ఇద్దరికీ పొసగదు. దాంతో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలవుతాయి. గడ్డల మధ్య, గడ్డకూ ప్లాస్టిక్‌కూ మధ్య గాలి ఖాళీలు మిగులుతాయి.

మామూలు గాలి మైక్రాన్‌కు 3 వోల్టుల దగ్గరే చేతులెత్తేస్తుంది. బుడగ మరీ చిన్నదైతే కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. అయినా బలహీనమైన చోటు బలహీనమైనదే. ఇంకో చిక్కు కూడా ఉంది. రేణువు స్థిరాంకం ప్లాస్టిక్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, విద్యుత్ ఒత్తిడి రేణువు లోపల తగ్గి, దాన్ని ఆనుకుని ఉన్న ప్లాస్టిక్ మీద పడుతుంది. గోళాకార రేణువు అంచుల దగ్గర ఈ ఒత్తిడి సగటు కంటే దాదాపు మూడు రెట్ల దాకా వెళ్లొచ్చు. చెరువు కట్ట ఎంత పొడవున్నా గండి పడేది బలహీనమైన చోటే కదా. ఫిల్మ్ కూడా అంతే. ఒక్క చోట దారి దొరికితే చాలు, కరెంట్ చీల్చుకుని వెళ్లిపోతుంది.

చక్కెర క్యూబ్‌లో 143 గజాలు!

ఉపరితలానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? ఒక చిన్న లెక్క చూడండి. ఒక సెంటీమీటరు ఘనం.. అంటే దాదాపు చక్కెర క్యూబ్ సైజు. దాని ఆరు ముఖాల మొత్తం వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 50 నానోమీటర్ల బుల్లి ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 120 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో దాదాపు 143 గజాలు. చక్కెర క్యూబంత పదార్థంలో ఒక ఇంటి స్థలమంత ఉపరితలం దాగి ఉంటుందన్నమాట. అలాంటప్పుడు ఫిల్మ్ ఎలా పనిచేస్తుందన్నది లోపలి సిరామిక్ మీద ఎంత ఆధారపడుతుందో, ఈ సరిహద్దు మీదా అంతే ఆధారపడుతుంది.

ఒక్క అణువు మందం పూత.. పనిచేసేది ఇలా

దీనికి పరిష్కారంగా వచ్చిందే ఉపరితల మార్పు. రెండు చివర్లున్న అణువును తీసుకుంటారు. ఒక చివర సిరామిక్‌ను కొక్కెంలా పట్టుకోవాలి. రెండో చివర ప్లాస్టిక్‌తో కలిసిపోవాలి. అమెరికాలోని జార్జియా టెక్‌లో జోసెఫ్ పెర్రీ, సేథ్ మార్డర్ తదితరుల బృందం 2007లో బేరియం టైటనేట్‌కు ఫాస్ఫోనిక్ ఆమ్లాలు ఈ పనికి బాగా సరిపోతాయని చూపించింది. ఈ అణువులోని ఫాస్ఫరస్ భాగం ఆక్సిజన్ ద్వారా సిరామిక్ ఉపరితలంతో గట్టి బంధం వేసుకుంటుంది.

2009లో ఇదే బృందం ఇంకో అడుగు వేసింది. పెంటాఫ్లోరోబెంజైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లం పూసిన రేణువులను పీవీడీఎఫ్-హెచ్ఎఫ్‌పీ అనే ప్లాస్టిక్‌లో కలిపింది. పూతలో ఫ్లోరిన్, ప్లాస్టిక్‌లోనూ ఫ్లోరిన్. తోక వైపు కూడా చుట్టరికం కుదిరిందన్నమాట. పూత అణువులు వరుసగా, బిగుతుగా, ఒకే పొరగా పేర్చుకున్నాయని పరీక్షల్లో తేలింది. దీంతో గడ్డలు తగ్గి రేణువులు సమానంగా పరుచుకుంటాయి, సగానికి సగం సిరామిక్ ఉన్న ఫిల్మ్ కూడా సాధ్యమవుతుంది.

ఫలితాలు ఏం చెప్పాయి?

- ఫిల్మ్ స్థిరాంకం గరిష్ఠంగా 35కు చేరింది. పాలీప్రొపిలిన్‌తో పోలిస్తే దాదాపు 16 రెట్లు.
- సిరామిక్ వాటా 50 శాతం ఉన్నప్పుడు, మైక్రాన్‌కు 164 వోల్టుల దగ్గర ఘన సెంటీమీటరుకు 3.2 జౌళ్ల శక్తి నమోదైంది.
- బ్రేక్‌డౌన్ దాకా వెళ్తే 7 నుంచి 8 జౌళ్లు సాధ్యమని లెక్కగట్టారు. ఇది లెక్క మాత్రమే, కొలిచింది కాదు.
- సిరామిక్ వాటా 10 శాతం దగ్గరే బ్రేక్‌డౌన్ బలం ఒక్కసారిగా పడిపోయింది. ఆ తర్వాత 50 శాతం దాకా మెల్లగా తగ్గింది.
- 50 శాతం దాటాక స్థిరాంకం కూడా పెరగడం ఆగి తగ్గడం మొదలైంది. కారణం.. రేణువుల మధ్య నింపడానికి ప్లాస్టిక్ చాలక ఖాళీలు పెరగడమే.

చివరి రెండు పాయింట్లు చాలా కీలకం. పూత ఎంత బాగున్నా, పొడి ఎక్కువ పోస్తే లాభం ఎక్కువ అనుకుంటే కుదరదు. స్థిరాంకం పెరుగుతున్న కొద్దీ బలం తగ్గుతుంది. ఆ రెండూ సరితూగే చోటు ఎక్కడో పట్టుకోవడమే ఇంజినీర్ల పని.

12 రెట్లు ఎక్కువ.. కానీ ఆగండి!

అదే 164 వోల్టుల దగ్గర పాలీప్రొపిలిన్ ఎంత దాస్తుందో లెక్కేస్తే.. ఘన సెంటీమీటరుకు దాదాపు 0.26 జౌల్ వస్తుంది. అంటే కొత్త ఫిల్మ్ 12 రెట్లు మేలు. డీఫిబ్రిలేటర్‌కు కావాల్సిన 200 జౌళ్ల కోసం ఈ కొత్త పదార్థమైతే దాదాపు 63 ఘన సెంటీమీటర్లు చాలు.. అంటే ఓ చిన్న టీ కప్పు. అదే వోల్టేజ్ దగ్గర పాలీప్రొపిలిన్ అయితే దాదాపు 770 కావాలి. అంటే ముప్పావు లీటరు బాటిల్.

హెడ్‌లైన్ ఇక్కడితో ఆగిపోతే మాత్రం సగమే నిజం. పాలీప్రొపిలిన్ 164 దగ్గర ఆగదు. 700 వోల్టుల దాకా వెళ్తుంది. అక్కడ దాని నిల్వ దాదాపు 4.8 జౌళ్లు. వోల్టేజ్ రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లన్న లెక్క ఇక్కడ పాత ప్లాస్టిక్‌ను మళ్లీ రేసులోకి తెస్తుంది. అందుకే "ఇన్ని రెట్లు ఎక్కువ" అనే మాట విన్నప్పుడల్లా.. ఏ వోల్టేజ్ దగ్గర అని అడగాలి.

నష్టం సంగతి కూడా ఉంది. పాలీప్రొపిలిన్ తీసుకున్న శక్తిని దాదాపు మొత్తం తిరిగి ఇచ్చేస్తుంది. ఫ్లోరిన్ ప్లాస్టిక్, సిరామిక్ కలిసిన ఫిల్మ్ కొంత శక్తిని లోపలే వేడిగా మార్చుకుంటుంది. కెపాసిటర్ సెకనుకు వేల సార్లు నిండి ఖాళీ అయ్యే చోట ఆ వేడే దాన్ని చంపేస్తుంది.

వేడితో వచ్చే తంటా.. ఈ-కార్లకు ఇదే కీలకం

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ వాహనాల్లో ఇన్వర్టర్ పరిసరాల వేడి 140 డిగ్రీల దాకా వెళ్లగలదు. పాలీప్రొపిలిన్ ఫిల్మ్ 105 డిగ్రీలు దాటితే నమ్మకంగా పనిచేయలేదు. అందుకే దానికోసం ప్రత్యేకంగా కూలింగ్ ఏర్పాటు చేయాలి. దాంతో బరువు, ఖర్చు, చోటు.. అన్నీ పెరుగుతాయి. ఎండాకాలంలో రోడ్డే పెనంలా కాలే మన దగ్గర ఈ కూలింగ్ మీద భారం మరింత ఎక్కువ.

ఈ సమస్యకు వచ్చిన ఒక సమాధానం ఆశ్చర్యపరుస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో బోరాన్ నైట్రైడ్ నానో పలకలను ఒక పాలిమర్‌లో కలిపారు. బోరాన్ నైట్రైడ్ స్థిరాంకం బేరియం టైటనేట్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ వేడిని బాగా బయటకు పంపిస్తుంది, కరెంట్ లీకును అడ్డుకుంటుంది. ఫలితంగా 250 డిగ్రీల వేడిలోనూ ఆ ఫిల్మ్ మైక్రాన్‌కు 403 వోల్టులు తట్టుకుంది. ఘన సెంటీమీటరుకు 1.8 జౌళ్లు తిరిగి ఇచ్చింది. అంకె చిన్నదే కావచ్చు. కానీ పాలీప్రొపిలిన్ అసలు నిలవలేని వేడి అది.

ఇంకా ఏమేం పూతలున్నాయి?

ఫాస్ఫోనిక్ ఆమ్లంతో పాటు మరికొన్ని దారులు కూడా ఉన్నాయి.

- సైలేన్లు: సిలికాన్ ఆధారిత జిగురు అణువులు. గాజు ఫైబర్, పెయింట్ల పరిశ్రమల్లో ఎప్పటి నుంచో వాడుతున్నారు.
- పాలీడోపమైన్: సముద్రంలో రాళ్లను వదలకుండా పట్టుకునే ఒక రకం ఆల్చిప్పల జిగురును చూసి నేర్చుకున్న పూత.
- పాలిమర్ తోకలు: రేణువు మీద నుంచే ప్లాస్టిక్ గొలుసులను పెంచడం. దీంతో రేణువు చుట్టూ సొంత ప్లాస్టిక్ తొడుగు ఏర్పడుతుంది.
- మరో సిరామిక్ తొడుగు: బేరియం టైటనేట్ చుట్టూ సిలికా లేదా అల్యూమినా పొర. వేలల్లో ఉన్న స్థిరాంకం నుంచి ఒక్కసారిగా పదికి దూకకుండా, మధ్యలో ఒక మెట్టు వేసినట్టు.

పద్ధతి ఏదైనా లక్ష్యం ఒక్కటే. సిరామిక్, ప్లాస్టిక్ కలిసే చోట ఖాళీ ఉండకూడదు, తేమ ఉండకూడదు, ఒత్తిడి ఒకే చోట పోగుపడకూడదు.

మరి మార్కెట్‌ను ఎందుకు ఏలడం లేదు?

ల్యాబ్‌లో చేసేది చిన్న ముక్క. ఫ్యాక్టరీలో కావాల్సింది కిలోమీటర్ల పొడవు చుట్ట. పాలీప్రొపిలిన్‌ను రెండు వైపులా సాగదీసి కొన్ని మైక్రాన్ల మందానికి తెస్తారు. సగం సిరామిక్ ఉన్న ఫిల్మ్‌ను అలా సాగదీస్తే చిరిగే ప్రమాదం ఉంది. పైగా వైశాల్యం పెరిగే కొద్దీ ఎక్కడో ఒక చోట లోపం దొరికే అవకాశమూ పెరుగుతుంది. కరెంట్‌కు ఆ ఒక్క లోపం చాలు.

పాత ఫిల్మ్‌కు ఇంకో వరం ఉంది. ఎక్కడైనా చిన్న చిల్లు పడితే, ఆ చుట్టూ ఉన్న సన్నని లోహపు పూత ఆవిరైపోయి ఆ చోటును వేరు చేస్తుంది. కెపాసిటర్ పని ఆగదు. దీన్నే సెల్ఫ్ హీలింగ్ అంటారు. అందుకే ఫ్యాన్ కండెన్సర్ ఒక్కసారిగా పేలకుండా ఏళ్ల తరబడి మెల్లగా బలం కోల్పోతుంది. ఫ్యాన్ కూడా మెల్లగానే స్లో అవుతుంది. కొత్త ఫిల్మ్ కూడా ఈ గుణాన్ని నిలబెట్టుకోవాలి. వీటన్నిటికీ తోడు ధర. పాలీప్రొపిలిన్ చవక, నానో పొడి దానికి వేసే పూత ఖరీదు.

'నిమిషంలో ఫుల్ చార్జ్' వీడియో వస్తే.. ఈ 4 ప్రశ్నలు అడగండి

సోషల్ మీడియాలో "ఇక బ్యాటరీలకు గుడ్‌బై" అనే వీడియోలకు కొదవ లేదు. అలాంటిది కనిపిస్తే షేర్ చేసే ముందు ఇవి చూడండి.

1. చెప్పిన శక్తి ఏ వోల్టేజ్ దగ్గర కొలిచారు? కొలిచారా, లెక్కగట్టారా?
2. దాచిన శక్తిలో ఎంత శాతం తిరిగి వచ్చింది?
3. ఎంత వేడిలో, ఎన్నిసార్లు చార్జ్ చేసి చూశారు?
4. అంకె ఫిల్మ్ ఒక్కదానిదా? మొత్తం కెపాసిటర్‌దా?

ఘన సెంటీమీటరుకు 8 జౌళ్లు వచ్చినా బ్యాటరీ దాచే 2,000కు అది ఏ మూలకూ రాదు. కాబట్టి ఈ ఫిల్మ్ కారును నడిపే బ్యాటరీని తీసేయదు. దాని పక్కనున్న ఇన్వర్టర్‌ను చిన్నది చేయొచ్చు. కూలింగ్ భారం తగ్గించొచ్చు. ప్రాణాలు కాపాడే షాక్ యంత్రాన్ని తేలిక చేయొచ్చు. చెప్పుకోవడానికి ఇవి చిన్నవే అయినా, వాడేవాళ్లకు పెద్దవే.

చివరిగా ఒక జాగ్రత్త. ఇంట్లో కండెన్సర్ మార్చాల్సి వస్తే స్విచ్ ఆపేశాక కూడా దాని తీగలను చేత్తో ముట్టుకోవద్దు. కరెంట్ పోయినా అందులో చార్జ్ మిగిలి ఉండొచ్చు. ఆ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడమే మంచిది.